తీపి సోడా

మావాడు బేగంబజార్ నుంచి తెచ్చిన చార్జర్ల డబ్బా, అంటే గ్యాసు నింపిన చిన్న బుడ్డీల డబ్బా, చూశాక నిద్ర పట్టట్లేదు. ఇంట్లో సోడా చేసుకునే మీట సీసా ఉంది కదా, ఆ సోడా సైఫన్‌కి తెమ్మంటే క్రీమ్ గిలక్కొట్టే వాటివి తెచ్చాడు. "రెండూ సేమే అన్నా" అన్నాడట షాపువాడు.

సైజు మటుకే సేమ్. రెండిట్లోనూ 8 గ్రాముల గ్యాసే, రెండూ ఒకే హోల్డర్‌లో పడతాయి. సోడాది కార్బన్ డయాక్సైడ్, క్రీమ్‌ది నైట్రస్ ఆక్సైడ్. మొదటిది నీళ్లలో కరిగి కొంత కార్బానిక్ ఆమ్లం అవుతుంది, ముక్కుకెక్కే ఘాటు దానిదే. రెండోదీ బాగానే కరుగుతుంది, బుడగలూ వస్తాయి. కానీ ఘాటుండదు, పైగా కాస్త తీపి. ఎంత నిమ్మకాయ పిండినా అది సోడా అవదు.

నీళ్లది ఇంకో గొడవ. మే నెలలో ట్యాంకు నీళ్లు పట్టేసి, సోడా చప్పగా ఉందంటారు. మామూలు ఒత్తిడిలో 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటాయి. 30 డిగ్రీలకి అది 0.7 కూడా ఉండదు. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లే పోయాలి, అదీ గీత దాటకుండా, గ్యాసుకి పైన చోటుండాలి కదా. చార్జర్ బిగించి, బాగా కుదిపి, మళ్లీ ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టాలి. పాత సైఫన్లలో తల కింది రబ్బరు వాషరు ఎండిపోయిందంటే గ్యాసంతా మెడ దగ్గరే చుస్సుమని పోతుంది. గాజు సీసా చుట్టూ ఉండే తీగ వల సోకుకి అనుకుంటారు చాలామంది. సీసా పగిలితే పెంకులు ఎగరకుండా పెట్టింది అది.

ఈ తతంగమంతా గోలీసోడా బండిలో ఎక్కడుంది? చక్రం తిప్పితే పెట్టెలో సీసాలు పల్టీలు కొట్టేవి. పిల్లలకి అది వేడుక, అసలు పని నీళ్లూ గ్యాసూ కలబడి కరగడం. సీసా తలకిందులుగా ఆగినప్పుడు గోలీ మెడలోకి జారి రబ్బరు రింగు మీద కూర్చునేది, లోపలి ఒత్తిడే దాన్ని అదిమి పట్టేది. విడిగా మూతంటూ లేదు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. మెడ దగ్గర నొక్కులు చూశారుగా, పోసేటప్పుడు అవి కిందివైపు ఉంటేనే గోలీ అక్కడ ఆగుతుంది. అటుది ఇటు పట్టుకుంటే గోలీ వచ్చి దారి మూసేస్తుంది, తాగేవాడు సీసాని తిడతాడు.

సైఫన్ అటకెక్కించి గోలీసోడాకే ఓటేద్దామనుకుంటూ ఇక్కడిదాకా రాశాను. కానీ ఆ సీసా కడిగేదెలా? నొక్కులూ గోలీ అడ్డం, బ్రష్ దూరదు. రింగు వెనక పేరుకున్న జిగట కళ్లకి కనిపించదు కూడా. సైఫన్‌కి తల విప్పొచ్చు, గొట్టం విడిగా కడగొచ్చు, వాషరు మార్చుకోవచ్చు. సరే, సైఫనే.

క్రీమ్ చార్జర్ బిగించేసిన సైఫన్‌లో ఆ తియ్యనీళ్లు అలాగే ఉన్నాయి, రేపు పారబోయాలి. అలాగే తల విప్పబోతే ఒత్తిడికి ఎగిరి మొహం మీదికొస్తుంది. ముందు సైఫన్‌ని తలకిందులు చేసి మీట నొక్కాలి. అప్పుడు గొట్టం కొస గ్యాసులో ఉంటుంది కాబట్టి నీళ్లు రావు, గ్యాసే పోతుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే మర తిప్పాలి.