ఇసుక కోసం అంత దూరమా?

రామకృష్ణా బీచ్ పక్కనే ఉండగా ఇసుక చూడటానికి రాజస్థాన్ దాకా వెళ్ళాలా అని మా అత్తగారు దెప్పుతూనే ఉంటారు. ఆవిడకు చెప్పినా నమ్మరు కానీ, నన్ను అక్కడికి లాగేది చలి. విశాఖలో చలికాలమంటే స్వెటరును పెట్టెలోంచి తీసి, ఎండలో వేసి, మళ్ళీ పెట్టెలో పెట్టడమే. పగటి వేడిని దాచుకున్న సముద్రం రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది, గాలిలో తేమ ఎలాగూ ఉంటుంది. థార్ ఎడారిలో ఆ దన్ను లేదు. పొడిగాలి, మబ్బు లేని ఆకాశం. పొద్దు గుంకగానే ఇసుకలోని వేడి పైకెగిరిపోతుంది. జనవరి మధ్యాహ్నం పలచటి చొక్కాతో తిరిగిన చోటే తెల్లవారుజామున 8 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా తక్కువ.

అందుకే డేరాలో పడుకునేవాళ్ళు కప్పుకునేదాని కంటే ముందు కింద పరిచేదాని సంగతి చూసుకోవాలి. ఒంటి బరువుకు దూది అణిగిపోయి, నేల చల్లదనం నేరుగా వెన్నుకు తగులుతుంది. నేను ఫోమ్ షీటు పరిచి, దానిమీద బొంత వేస్తాను. మా ఆయన జిప్పు మొత్తం బిగించేస్తానంటారు, నేను జానెడు తెరిచి ఉంచమంటాను. లేదంటే మన ఊపిరి ఆవిరే డేరా గుడ్డకు పట్టి, తెల్లారేసరికి బొట్లు బొట్లుగా ముఖాన రాలుతుంది. ఎడారికి వెళ్ళి తడిసి లేవడమా!

జైసల్మేర్ దగ్గరి సామ్ ఇసుక తిన్నెల్లో గుడారాలు ఎక్కువ, పాటల హోరు ఇంకా ఎక్కువ. నాకు ఆ పక్కనే ఉన్న ఖూరీ అనే ఊరు నచ్చుతుంది. అక్కడి మట్టి ఇళ్ళలో సజ్జరొట్టెతో కేర్ సాంగ్రీ కూర పెడతారు. సాంగ్రీ అంటే మరేమీ కాదు, దసరాకు మనం పూజ చేసే జమ్మిచెట్టు కాయలు. లేతవి కోసి ఎండబెట్టుకుని ఏడాదంతా వండుకుంటారు. మా ఇళ్ళలో జమ్మికి మొక్కినవాళ్ళే తప్ప వండినవాళ్ళు లేరు.

పగటిపూట చూడాలంటే అకల్ శిలాజాల పార్కు. జైసల్మేర్ నుంచి బాడ్‌మేర్ దారిలో 17 కిలోమీటర్లు. దాదాపు 18 కోట్ల ఏళ్ళ నాటి చెట్ల మానులు రాళ్ళయిపోయి ఇనుప జాలీల కింద పడి ఉంటాయి. వంగి చూస్తే నార గీతలు, చీలికలు అచ్చం కట్టెలో లాగే కనిపిస్తాయి. జైసల్మేర్ కోటకు వాడిన పసుపు రాయి సంగతి ఇంకా విచిత్రం. అది జురాసిక్ కాలంలో సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. సముద్రాన్ని వదిలి వచ్చానని నేననుకుంటే, ఆ గోడలే ఒకప్పటి సముద్రగర్భం.

అకల్‌లో నీడ దొరకడం కష్టం. ఉదయమే వెళ్ళండి, నీళ్ళు వెంట ఉంచుకోండి. విశాఖ నుంచి జోధ్‌పూర్‌లోని భగత్ కీ కోఠీకి వారానికొక రైలుంది. అక్కడి నుంచి జైసల్మేర్‌కు బస్సులు దొరుకుతాయి. జనవరికి వెళ్ళాలనుకుంటే టికెట్ సంగతి ఇప్పుడే చూసుకోండి.