అప్‌గ్రేడ్ అయ్యాక కొత్త సైటు తెరిచి చూడండి

కంపెనీ ఫైళ్లు, జాబితాలు అందరూ పంచుకునేందుకు వాడే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్. దాని అప్‌గ్రేడ్ అనగానే మీటింగుల్లో నడిచే చర్చంతా కొత్త ఫీచర్ల మీదే. పేజీలు ఎలా కనిపిస్తాయి, సెర్చ్ ఏమైనా బాగుపడిందా, ఫోన్‌లో తెరుచుకుంటుందా అని అందరూ అడుగుతారు. పర్మిషన్ల (ఎవరు ఏది చూడొచ్చు, ఏది మార్చొచ్చు అన్న హక్కుల) సంగతి వచ్చేసరికి "పాతవి ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట నిజమే, పాత సైట్లకు పాత పర్మిషన్లే వస్తాయి. అప్‌గ్రేడ్ అయిన మర్నాడు కొత్తగా ఒక సైటు తెరిస్తే దానికి ఏవి వస్తాయని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నేను ముందు చూసేది అదే.

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో షేర్‌పాయింట్ అడ్మిన్‌గా పనిచేస్తున్నాను. 2007 వెర్షన్‌తో మొదలుపెట్టి ఇప్పటి ఆన్‌లైన్ దాకా వచ్చాను. బ్యాచ్ తయారీలో తేడా వస్తే రాసే డీవియేషన్ రిపోర్టు, ప్లాంటులో ప్రతి పనికీ ఉండే ఎస్ఓపీ (ఆ పని చేసే పద్ధతి రాసిన పత్రం), వీటిలో దేన్ని ఎవరు ఎప్పుడు మార్చారో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అడిగితే చూపించాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నియమాలు చెప్పేదీ ఇదే: అనుమతి ఉన్నవాళ్లే సిస్టమ్‌లోకి రావాలి, చేసిన మార్పుకి ఆధారం మిగలాలి. అందుకే ఎవరికి ఏ హక్కు ఉందన్న లెక్క మాకు ప్రాణం.

2003 వెర్షన్‌లో పర్మిషన్లు లిస్టు (వరసల పట్టిక), లైబ్రరీ (ఫైళ్లు ఉండే చోటు) దగ్గరే ఆగిపోయేవి. ఒక్క ఫైలును కొందరికే చూపించాలంటే దానికోసం ఇంకో లైబ్రరీ తెరవాల్సిందే. 2007లో ఫోల్డరుకీ, ఫైలుకీ విడివిడిగా పర్మిషన్లు పెట్టే వీలొచ్చింది. రీసైకిల్ బిన్ కూడా అప్పుడే వచ్చింది. ఆ తర్వాత 2010లో చెక్ పర్మిషన్స్ బటన్ వచ్చింది. ఒక మనిషి పేరు ఇస్తే అతనికి ఏ హక్కు ఏ గ్రూపు ద్వారా వచ్చిందో చూపిస్తుంది. ఈ రోజుకీ నేను ఎక్కువగా నొక్కే బటన్ అదే.

2010 నుంచి 2013కి మారేటప్పుడు టెస్టింగ్ కోసం పాశమైలారం ప్లాంటు నుంచి క్వాలిటీ విభాగం పెద్దాయన ఒకరు వచ్చారు. కంప్యూటర్ల మనిషి కాదు, కానీ ఏ స్క్రీన్ చూపించినా మొదటి నుంచి చివరి దాకా చదివే అలవాటు. మైగ్రేట్ అయిన, అంటే కొత్త వెర్షన్‌కి తరలిన, పాత సైటు చూసి బాగుందన్నారు. కొత్తగా తెరిచిన సైటులో తన లాగిన్‌తోనే లిస్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆగిపోయారు.

"ఏమ్మా, ఇక్కడ డిలీట్ దిస్ లిస్ట్ అని ఉంది. ఇది నాకెందుకు వచ్చింది?"

"ఇందులో మీరు మెంబర్ కదా సార్."

"పాతదాంట్లోనూ మెంబర్నేగా. అందులో నాకసలు ఈ పేజీయే తెరుచుకోదు. నాకొచ్చిందంటే మా షిఫ్టు కుర్రాళ్లందరికీ వచ్చినట్టేగా?"

వచ్చినట్టే. 2010 దాకా టీమ్ సైటు తెరిస్తే మెంబర్స్ గ్రూపుకి దక్కేది కాంట్రిబ్యూట్ అనే హక్కుల లెవెల్. లిస్టులో ఐటెమ్‌లు చేర్చొచ్చు, మార్చొచ్చు, తీసేయొచ్చు, అంతవరకే. 2013లో ఎడిట్ అనే కొత్త లెవెల్ వచ్చింది. కాంట్రిబ్యూట్‌లో ఉన్నవన్నీ ఇందులో ఉంటాయి, వాటి మీద మేనేజ్ లిస్ట్స్ అదనం. అంటే కాలమ్‌లు పెట్టొచ్చు, తీసేయొచ్చు, కొత్త లిస్టు తెరవొచ్చు, ఉన్న లిస్టును మొత్తంగా తొలగించొచ్చు. 2013 నుంచి కొత్త టీమ్ సైట్లలో మెంబర్స్ గ్రూపుకి వచ్చేది ఈ ఎడిటే.

ఇది చెడ్డ మార్పని నేను అనను. ప్రతి కాలమ్‌కీ అడ్మిన్ కోసం ఎదురుచూసే చిన్న టీములకు ఇది చాలా హాయి. మార్కెటింగ్ వాళ్ల సైట్లకు నేనే అలా వదిలేస్తాను. డీవియేషన్ల లిస్టుకి మాత్రం ఒప్పుకోను. పక్కపక్కనే రెండు సైట్లు, ఒకటి తరలించిన పాతది, రెండోది కొత్తగా తెరిచింది, రెండింటిలోనూ మెంబర్స్ గ్రూపు, అందులో అవే పేర్లు. ఒకదాంట్లో వాళ్లు లిస్టు తీసేయలేరు, రెండోదాంట్లో తీసేయగలరు. మైగ్రేషన్ రిపోర్టులో ఈ తేడా కనబడదు, ఎందుకంటే రెండో సైటు మైగ్రేట్ అయింది కాదు.

ఆయన వేసిన ఆ ఒక్క ప్రశ్నతో మా పద్ధతి మారింది. క్వాలిటీ, రెగ్యులేటరీ విభాగాలకు సైటు తెరిచిన వెంటనే మెంబర్స్‌ను కాంట్రిబ్యూట్‌కి దించుతాం. కంట్రోల్డ్ డాక్యుమెంట్లున్న చోట కాంట్రిబ్యూట్‌కి కాపీ తీసి, అందులోంచి డిలీట్ హక్కులు తీసేసి, ఆ కొత్త లెవెల్ ఇస్తాం. అసలు లెవెల్‌లో చెయ్యి పెట్టకుండా కాపీ మీదే మార్పులు చేయమని కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు గట్టిగా చెబుతాను. లేకపోతే తర్వాత వచ్చే అడ్మిన్ కాంట్రిబ్యూట్ అని చూసి మామూలుదే అనుకుంటాడు.

అదే 2013లో మెనూలోంచి సైన్ ఇన్ యాజ్ డిఫరెంట్ యూజర్ అనేది తీసేశారు. వినడానికి చిన్న విషయమే. కానీ మేం పర్మిషన్లు పరీక్షించేది దానితోనే. అప్పటి నుంచి ప్రైవేట్ విండోలో టెస్ట్ అకౌంటుతో లాగిన్ అయి చూస్తున్నాం. పని కొంచెం పెరిగింది, అయినా దాన్ని మానలేదు. అడ్మిన్ లాగిన్‌లో అన్నీ తెరుచుకుంటాయి కాబట్టి మామూలు మెంబర్‌కి ఏం కనబడుతుందో అక్కడి నుంచి తెలియదు.

ఆన్‌లైన్‌కి వచ్చాక పర్మిషన్లు ఇచ్చే చేతులే మారిపోయాయి. మైక్రోసాఫ్ట్ చాట్ యాప్ టీమ్స్‌లో ఒకరిని మెంబర్‌గా కలిపితే ఆ టీమ్ వెనకున్న షేర్‌పాయింట్ సైటులోనూ ఎడిట్ హక్కు వచ్చేస్తుంది. కలిపే మేనేజర్‌కి తాను ఒక లైబ్రరీ మొత్తం చేతిలో పెడుతున్నానని తట్టదు, ఆయనకు కనబడేది చాట్ కాబట్టి. ప్రైవేట్ ఛానెల్ పెడితే దానికి విడిగా ఇంకో సైటు ఉంటుంది. ఇక షేర్ బటన్: ఎంచుకున్న కొద్దిమందికి లింకు పంపితే ఆ ఫైలు మీద ప్రత్యేక పర్మిషన్ పడుతుంది, పైనున్న లైబ్రరీతో ఇన్హెరిటెన్స్, అంటే దాని పర్మిషన్లే ఫైలుకీ వర్తించే లింకు, తెగిపోతుంది. ఒక లైబ్రరీలో ఇలాంటివి 50,000 దాకా ఉండొచ్చు, 5,000 దాటకుండా చూసుకోమని సలహా. నన్నడిగితే ఐదొందలు దాటినా ఎవరికి ఏముందో ఒక మనిషి చూసి చెప్పలేడు. క్వాలిటీ సైట్లలో షేర్ చేసే వీలు ఓనర్లకే ఉంచాను. మొదట్లో విసుక్కున్నారు, ఫోన్లు చేశారు. నేను మార్చలేదు.

అన్నిటికంటే లోతుగా వెతకాల్సింది వర్క్‌ఫ్లోలు, అంటే అప్రూవల్ లాంటి పనుల్ని వాటంతటవే నడిపే స్టెప్పుల వరస. వాటిని రాసే టూల్, 2010 నాటి షేర్‌పాయింట్ డిజైనర్‌లో ఇంపర్సనేషన్ స్టెప్ ఉండేది. వర్క్‌ఫ్లోను పబ్లిష్ చేసినవాళ్ల హక్కులతో నడిచి, ఐటెమ్ పర్మిషన్లను అదే మార్చేది. మా ఎస్ఓపీల అప్రూవల్ అంతా దాని మీదే నడిచింది: హెడ్ సంతకం పెట్టగానే ఆ ఫైలు మిగతా అందరికీ రీడ్‌కి, అంటే చదవడానికి మాత్రమే వీలుండే స్థాయికి, దిగిపోయేది. ఆన్‌లైన్‌లో 2010 వర్క్‌ఫ్లోలు 2020 నవంబర్ 1న ఆగిపోయాయి. 2013 వర్క్‌ఫ్లోలకు గడువు 2026 ఏప్రిల్ 2. ఫీచర్ల జాబితాలో చూస్తే ఇది ఆటోమేషన్ కిందికి వస్తుంది, పర్మిషన్ల షీటులో దీని ఊసే ఉండదు. ఫైళ్లు అన్నీ వస్తాయి, గ్రూపులు అన్నీ వస్తాయి, అప్రూవల్ అయిన ఫైలును మూసే ఆ స్టెప్ మాత్రం రాదు.

దాని బదులు మైక్రోసాఫ్ట్ కొత్త ఆటోమేషన్ టూల్ పవర్ ఆటోమేట్‌లో ఫ్లో రాస్తే అది ఎవరి కనెక్షన్‌తో నడుస్తుందో ముందే తేల్చుకోవాలి. ఒక ఉద్యోగి పేరు మీద పెడితే, ఆ మనిషి కంపెనీ వదిలి అకౌంటు మూసేశాక ఫ్లో ఆగిపోవచ్చు. మేం ఏ మనిషిదీ కాని సర్వీస్ అకౌంటు పెట్టి, దాని హక్కుల్ని ఆ ఒక్క సైటుకే పరిమితం చేశాం.

2016, 2019 వెర్షన్లకు సపోర్ట్ గడువు 2026 జూలై 14. ఆ గడువు దగ్గర పెట్టుకుని మైగ్రేషన్ చేసేవాళ్లు విభాగాల వాళ్లను ముందుగా కూర్చోబెట్టి అడగాల్సింది ఒకటుంది. "ఏ ఫైలు ఏ దశలో ఎవరికి మూసుకుపోవాలి?" సర్వర్లో ఎంత వెతికినా దీనికి పూర్తి జవాబు దొరకదు, రోజూ ఆ ఫైళ్లతో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. వాళ్లు చెప్పింది రాసుకుని, గో-లైవ్‌కి ముందు ఒక మామూలు మెంబర్ లాగిన్‌తో, ఒక పాత సైటులో, ఒక కొత్త సైటులో, వరసగా ప్రయత్నించి చూడండి.