రెండట!

రెండట. రాత్రి పన్నెండింటికి వరండాలో పచార్లు చేసే మనిషి, దిగులు పదికి రెండని టిక్కు పెట్టారు నాన్న.

మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌కి ఆస్పత్రికి తీసుకెళ్తే, అట్నుంచి అటే మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టారు. ప్రోస్టేట్ క్యాన్సర్ పెద్దాయనల్ని కలిపి మాట్లాడిస్తారట. ఒక్కొక్కళ్ళ పక్కనా భార్యో, కూతురో, కోడలో. కౌన్సెలర్ అమ్మాయి ఏదడిగినా జవాబు మా ఆడవాళ్ళదే. "ఈయన బాగానే ఉంటారండీ, మందులు టైముకే వేసుకుంటారు." ఒకాయన గొంతు పెగుల్చుకుని, ఆపరేషనయ్యాక మూత్రం ఆగట్లేదనీ, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాననీ మొదలెట్టారో లేదో, పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, "అవన్నీ ఇక్కడెందుకండీ!" అంది. ఆయన కండువా సర్దుకున్నారు. మళ్ళీ నోరు విప్పితే ఒట్టు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాతే థర్మామీటర్ బొమ్మ కాగితం ఇచ్చారు. దిగులు ఎంతుందో సున్నా నుంచి పది దాకా టిక్కు పెట్టాలి. ఇంటికొచ్చి వెతికాను. న్యూయార్క్‌లో జిమ్మీ హాలండ్ అనే సైకియాట్రిస్టు బృందం దాన్ని మొదట వాడి చూసింది ప్రోస్టేట్ క్యాన్సర్ మగవాళ్ళ మీదేనట, 1998లో ఆ పరిశోధన అచ్చయింది. బాధ నోటితో చెప్పనివాళ్ళు అంకె అయితే చెప్తారని. నాలుగూ ఆపైన పెడితే ఇంకా వివరంగా అడగాలంటారు. మరి రెండు పెట్టి తప్పించుకునేవాళ్ళని?

లిఫ్టు దగ్గర మాత్రం ముగ్గురు చేరారు. "మీక్కూడా ఉన్నట్టుండి ఆవిర్లొస్తాయా?" "ఫ్యాను కిందా చెమటేనండీ!" మగ హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్ కదా మరి. నాన్న నవ్వారు. వీళ్ళని వీళ్ళకి వదిలేస్తే చాలు, ఈ మీటింగులెందుకు అనుకున్నాను.

మా తాతయ్యకి జరిగింది అదేగా. గొంతు క్యాన్సర్. ఇంట్లో 'పుండు' అనేవాళ్ళు. మాట పోయాక పలకా బలపమే. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద పేకాట జట్టు హాజరు. చుట్టలు వీధి మలుపులోనే పారేసి వచ్చేవారు. కాలవ నీళ్ళు, వడ్ల ధర, ఎవరి గేదె ఈనిందో అన్నీ మాట్లాడేవారు. తాతయ్య పలక మీద 'షో' అని రాస్తే గొల్లుమనేవారు. ఆయన్ని నిలబెట్టింది ఆ జట్టేనని ఇన్నేళ్ళూ అందరికీ చెప్తూ వచ్చాను.

ఇది టైపు చేస్తుంటే గుర్తొచ్చింది. ఒక రాత్రి అమ్మమ్మకి చూపించిన పలక మీద, "ఒక్కడూ అడగడేం?" అని ఉంది. అమ్మమ్మ చెంగుతో తుడిచేసింది.

అంటే వదిలేస్తే చాలదు. అడిగే ఆ అమ్మాయి ఉండాల్సిందే. ఉండకూడనిది మేమే. వచ్చేసారి మమ్మల్నందర్నీ క్యాంటీన్‌కి తోలెయ్యమని చెప్తాను. మోచేతి ఆవిడకీ అక్కడ చెప్పుకునేవి చాలానే ఉంటాయి, పక్కబట్టలు ఉతికేది ఆవిడేగా. అయినా సరే, అంతమందిలో అలా పొడవాలా?