పుష్ణామి చౌషధీః: అవ్వ గంప, తాత కాడి

కోడి కుర్రుమంటూ మూల పట్టుకుని కూర్చుందంటే పొదుగుకు వచ్చిందని లెక్క. అయినా మా అవ్వ వెంటనే గుడ్లు పెట్టేది కాదు. రాత్రి బువ్వ తిన్నాక చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వచ్చి, కొంగుతో మూతి తుడుచుకుంటూ మొగులు దిక్కు చూసేది. చంద్రుడు ఎంత నిండాడో చూసి "ఇంకో నాలుగొద్దులు ఆగాలె" అనేది. నాలుగు రోజులు కోడి ఉత్త గంపలో కూర్చుని మా అందరి మీదా ముక్కు విదిల్చేది.

ఆమె లెక్క ఇది. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. పున్నం నాడు పెడితే పదిహేను రోజులకు అమాస దాటిపోతుంది, ఆ మీద ఆరో నాడో ఏడో నాడో పిల్లలు పెంకు పగలగొడతాయి. అంటే వెన్నెల పెరిగే రోజుల్లో పుడతాయి. అదే అమాసకు పెడితే పిల్లలు లేచే నాటికి చంద్రుడు తరిగిపోతుంటాడు. "పెరిగే సందమామతోని పిల్లలు పెరుగుతయి, తరిగేటోనితోని ఏం పెరుగుతయిరా" అనేది. గంపలో గడ్డి పరిచి, పదమూడు గుడ్లు పెట్టి, ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు, రెండు ఎండుమిరపకాయలు పక్కన పెట్టేది. బేసి సంఖ్య ఎందుకని అడిగితే మాత్రం కసిరేది. ఆమె దగ్గర జవాబు లేని ప్రశ్నలకు అదే జవాబు.

అవ్వకు చదువు రాదు. గీత ఎన్నడూ వినలేదని అనలేను, గుడి దగ్గర భజనలో విని ఉండొచ్చు. కానీ పదిహేనో అధ్యాయంలో ఈ శ్లోకం చదివిన ప్రతిసారీ నాకు ఆమె వాకిట్లో నిలబడి మెడ ఎత్తిన తీరే కళ్ళకు కడుతుంది.

గామావిశ్య చ భూతాని ధారయామ్యహమోజసా
పుష్ణామి చౌషధీః సర్వాః సోమో భూత్వా రసాత్మకః

"నేను భూమిలో ప్రవేశించి నా శక్తితో ప్రాణులన్నిటినీ మోస్తున్నాను. రసమే రూపమైన చంద్రుడినై ఓషధులన్నిటినీ పోషిస్తున్నాను" అంటాడు స్వామి. ఓషధి అనగానే మనకు మందు గుర్తుకొస్తుంది. చాలామంది ఈ శ్లోకాన్ని అడవిలో మూలికల మీదికి తోలేస్తారు. పాత అర్థం అది కాదు. "ఓషధ్యః ఫలపాకాంతాః" అన్నారు. కాయ పండగానే ఆయువు తీరే మొక్క ఓషధి. మామిడిచెట్టు ఓషధి కాదు, జొన్న ఓషధి. శంకరులు కూడా ఈ చోట భాష్యంలో వడ్లు, యవలు అనే చెప్పారు. ఆ లెక్కన మా దేవరకొండ దిక్కు మెట్ట చెల్కల్లో ఉన్న సజ్జ, జొన్న, ఉలవ, మడుల్లో ఉన్న వరి అన్నీ ఈ శ్లోకంలో ఉన్నాయి. అమరకోశం చంద్రుడికి చెప్పిన పేర్లలో "ఓషధీశుడు" అని ఒకటుంది. పంటల దొర అన్నమాట.

వరుస కూడా చూడండి. ముందు శ్లోకంలో సూర్యుడి తేజస్సు నాదే అన్నాడు. ఈ శ్లోకంలో భూమి, చంద్రుడు, పంట. తరువాతి శ్లోకంలో వైశ్వానరుడినై ప్రాణుల కడుపుల్లో ఉండి నాలుగు విధాల అన్నాన్ని అరిగిస్తానన్నాడు. ఎండ నుంచి జీర్ణం దాకా మూడు శ్లోకాల్లో ఒక ముద్ద ప్రయాణం పూర్తయింది. ఈ మొత్తంలో రైతు అనే మాట ఎక్కడా లేదు. మొదట్లో నాకు ఇది కొంచెం గుచ్చుకునేది. మరి దుక్కి దున్నింది ఎవరు, కలుపు తీసింది ఎవరు?

అవ్వకూ తాతకూ ఆ గుచ్చుకోవడం లేదు. వాళ్ళ ఆలోచన అంతా రసం చుట్టే తిరిగేది. పున్నానికి రసం పైకెక్కుతుంది, అమాసకు దిగుతుంది అని వాళ్ళ నమ్మకం. కొట్టానికి వెదురు, నిట్టాడికి వేపమొద్దు కొట్టాలంటే అమాస దగ్గరపడే రోజుల్లోనే కొట్టేవాళ్ళు. వెన్నెల్లో కొట్టిన కట్టెకు పుచ్చు పడుతుందనేవాళ్ళు. నేను ఒకసారి ఆ మాట దాటాను. పండుగ సెలవుల్లో తీరిక దొరికింది కదా అని పున్నం ముందు వెదురు కొట్టించి బర్రెల కొట్టానికి వాసాలు వేయించాను. రెండేళ్ళు తిరగకముందే తెల్లారి కొట్టంలోకి పోతే బర్రెల వీపుల మీద పిండి జల్లినట్టు సన్నటి పొడి. వేలితో నొక్కితే వాసం లోపలికి పోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పురుగుకు కావాల్సింది కట్టెలో ఉండే పిండి పదార్థం. అది చంద్రుణ్ణి బట్టి మారుతుందో లేదో గానీ కాలాన్ని బట్టి మారుతుంది. పైగా తాత వెదురును కొట్టగానే వాడేవాడు కాదు, వాగు మడుగులో కొన్ని వారాలు నానేసేవాడు. నీళ్ళలో నానితే ఆ పిండి చాలావరకు తగ్గిపోతుంది. నేను తిథీ తప్పాను, నానబెట్టడమూ తప్పాను. పుచ్చు దేనివల్ల వచ్చిందో ఇప్పుడు తేల్చలేను. అవ్వ మాత్రం తేల్చేసింది, ఎట్లా తేల్చిందో చెప్పక్కర్లేదు.

అయితే అన్నిటికీ చంద్రుడే కాదు. మన వ్యవసాయంలో రెండు గడియారాలు ఉన్నాయి, ఈ సంగతి పండుగ వ్యాసాల్లో చాలాసార్లు కలగాపులగం అవుతుంది. విత్తనానికి సూర్యుడి గడియారం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు, అదే కార్తె. ఏడాదికి 27. అందుకే మిరుగం, అంటే మృగశిర కార్తె, ఏటా జూన్ 7, 8 తేదీలు దాటదు. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిర కురిస్తే ముసలెద్దు రంకె వేస్తుంది, ఉత్తర చూసి ఎత్తర గంప. ఈ సామెతల్లో చంద్రుడు ఎక్కడా లేడు. వాన సూర్యుడి వెంట వస్తుంది కాబట్టి వానను నమ్ముకున్న పని కూడా సూర్యుడి వెంటే పోయింది.

చంద్రుడి ఏడాది 354 రోజులు. పదకొండు రోజులు తక్కువ. అందుకే జ్యేష్ఠ పున్నం, అంటే ఏరువాక, 2023లో జూన్ 4కే వచ్చింది, మరుసటి ఏడు జూన్ 21 దాకా జరిగింది. మధ్యలో అధిక మాసం వచ్చి సర్దింది. ఇంత ఊగే తేదీని నమ్ముకుని ఎవడూ గింజ వేయడు. మరి ఏరువాక పున్నం దేనికి? ఎద్దుకు.

నా చిన్నప్పుడు ఆ రోజు పొద్దు పొడవకముందే తాత ఎడ్లను చెరువుకు తోలుకుపోయేవాడు. గడ్డి చుట్టతో డొక్కలు, గంగడోలు, గిట్టల సందులు రుద్దేవాడు. ఇంటికొచ్చాక కొమ్ములకు జాజు, మెడకు కొత్త పగ్గం, గజ్జెలు. వెదురు గొట్టంలో నూనె, పసుపు, పచ్చిగుడ్లు కలిపి పోసుకుని, ఎద్దు మూతి పైకెత్తి నాలుక పక్క నుంచి మెల్లగా తాగించేవాడు. సగం ఎద్దు కడుపులోకి, సగం తాత మోచేతుల మీదికి. తరువాత కాడికి పసుపు కుంకుమ పెట్టి చేనుకు పోయి ఐదు సాళ్ళు దున్ని విప్పేసేవాడు. ఋగ్వేదం నాలుగో మండలంలో క్షేత్రపతి సూక్తం ఉంది. "శునం వాహాః శునం నరః శునం కృషతు లాంగలం" అంటుంది. ఎద్దులు సుఖంగా ఉండాలి, మనుషులు సుఖంగా ఉండాలి, నాగలి సుఖంగా దున్నాలి. వరుసలో ఎద్దు ముందు, మనిషి తరువాత. తాత గొట్టం పట్టిన తీరు కూడా అంతే. ఆ పొద్దు ఎద్దు తిన్నాకే మాకు బువ్వ.

మా అమ్మ పుట్టిల్లు గద్వాల దిక్కు. అక్కడ ఏరువాక అయిన పదిహేను రోజులకు మట్టెద్దుల అమావాస్య. చెరువు మట్టి తెచ్చి ఎడ్ల జత చేసి, పూజలో పెట్టి మొక్కుతారు. పున్నానికి పాణమున్న ఎద్దు, అమాసకు మట్టి ఎద్దు. మేనమామ చేసిన ఎద్దుకు మూపురం పెద్దగా ఉండి ముందుకు ఒరిగిపోయేది, గోడకు ఆనించి నిలబెట్టేవాళ్ళం.

అమాస అంటే మా ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉండేది. ఆ రోజు కాడి కట్టరు. ఎంత పని ఉన్నా సరే. నెలకు ఒక్కరోజు ఎడ్లకు సెలవు. ఎడ్లకు సెలవైతే మనిషికీ సెలవే కదా, ఆ పొద్దు తాత చెర్వుగట్టుకు పోయేవాడు. నార్కట్‌పల్లి దగ్గర జడల రామలింగేశ్వరుడి గుట్ట. ఇప్పటికీ అమాస రాత్రి అక్కడ నిద్ర చేసేవాళ్ళతో గుట్ట కింద కాలు పెట్టే చోటుండదు. చంద్రుడు కనపడని రాత్రి చంద్రుణ్ణి తల మీద పెట్టుకున్నవాడి దగ్గరికి పోవడం అనే ఏర్పాటు ఎవరు చేశారో గానీ బాగుంది. దక్షుడి శాపంతో క్షీణించిపోతున్న చంద్రుణ్ణి శివుడు నెత్తిన పెట్టుకున్నాడని కథ. మా నల్గొండ జిల్లాలోనే పానగల్లులో, కందూరు చోడుల నాటి గుడిలో ఆ స్వామి పేరు సోమేశ్వరుడు. ఛాయా సోమేశ్వరుడు అంటే అందరికీ తెలుస్తుంది. పొద్దంతా ఎండ తిరుగుతున్నా లింగం వెనక నీడ కదలదు. దాని వెనుకున్న లెక్క వినడం కంటే అక్కడ పది నిమిషాలు ఊరికే కూర్చోవడమే నాకు ఇష్టం.

ఒక ఏడు మిరుగం వట్టిగా పోయింది. ఆరుద్రలో ఒక రాత్రి గట్టి వాన కొట్టింది. తెల్లారితే అమాస. ఆముదాలు పెట్టాలి. మాది దుబ్బ చెల్క, రెండు పొద్దులు ఆగితే పదును ఆరిపోతుంది. నాయిన కాడి తీసి భుజాన పెట్టుకున్నాడు. తాత వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్యాల ఎడ్లు కట్టొద్దు."

"పదును పోతది నాయినా. రేపటికి చెల్క ఆరిపోతది. తిథి చూసుకుంట కూసుంటే ఏం తింటం?"

"గింజ పెట్టొద్దని నేనన్ననా? ఎడ్లు కట్టొద్దన్న."

తాత కొట్టంలోంచి మొన తేలిన కర్రలు నాలుగు తెచ్చాడు. ఎండల్లో దున్ని పెట్టిన చేనే కాబట్టి నేల గుల్లగానే ఉంది. ఆయన, నాయిన ముందు గుంతలు పొడుస్తూ పోయారు. వెనక అమ్మ, చిన్నమ్మ, నేను గుంతకు రెండు గింజలు వేసి మడమతో మట్టి నొక్కుతూ పోయాం. మూడెకరాలు పొద్దుగూకే దాకా పట్టింది. నా మడమ బొబ్బలెక్కింది. ఎడ్లు గట్టు మీద వేపచెట్టు కింద పడుకుని నెమరేస్తూ మమ్మల్ని చూశాయి. ఆ అమాసకు తాత చెర్వుగట్టుకు పోలేదు.

నాకు ఆ శ్లోకంలో రైతు ఎందుకు లేడో ఆ పొద్దు సగం అర్థమైంది, మిగతా సగం చాలా ఏళ్ళకు. "పుష్ణామి", నేను పోషిస్తున్నాను అన్నవాడు ఒకడున్నాడు. తాత ఆ మాటను నమ్మాడు కాబట్టే ఎద్దు వీపు మీద తన ఆత్రం వేయలేదు. అట్లని చేతులు ముడుచుకుని కూర్చోనూ లేదు. మొక్కు ఎద్దు కోసం, నొప్పి తన నడుముకు.

అన్ని చంద్రుడి మాటలనూ నేను ఇట్లా సమర్థించను. బర్రె పున్నానికో అమాసకో ఎదకొస్తుందంటారు. బర్రె ఎద చక్రం సుమారు 21 రోజులు, చంద్రుడిది ఇరవై తొమ్మిదిన్నర. ఒక నెల కలిసినా మరుసటి నెల కలవదు. ఎండాకాలంలో వచ్చే మూగ ఎదకు అరుపూ ఉండదు, పున్నం మీద నమ్మకం పెట్టుకున్నవాడు దాన్ని తప్పిపోతాడు. తోక కింద తీగలా జారే జిగట చూసుకోవాలి. పొద్దున కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున చూడి కట్టే సూది వేయించాలి. ఇందులో తిథికి పని లేదు, ఆ సూది వేసే గోపాలమిత్రకు ఫోను చేయడమే పని.

కానీ ఎర్ర గొంగళి పురుగు సంగతి వేరు. తొలి వానలు పడగానే నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, ఆముదం చేలల్లో గుడ్లు పెడతాయి. గట్ల మీద రాత్రి మంటలు వేస్తే వచ్చి అందులో పడతాయి. వెన్నెల రాత్రుల్లో మంట వేస్తే పురుగు అంతగా రాదు, చీకటి రాత్రి వేస్తే ఎగబడుతుంది. దీపపు ఎరలు పెట్టేవాళ్ళకూ ఇది తెలిసిన సంగతే. "అమాస చీకట్ల మంట పెడితే చేనుకు దిష్టి పోతది" అని అవ్వ అనేది. దిష్టికి రెక్కలుంటాయని ఆమె చెప్పలేదు, అంతే.

ఇప్పుడు ఎడ్లు లేవు. కాడి అటక మీద ఉంది, ఏరువాకకు దించి పసుపు రాసి మళ్ళీ ఎక్కిస్తాం. దున్నడానికి కిరాయి ట్రాక్టరు. పోయిన వానాకాలంలో మంచి వాన పడిన మర్నాడు డ్రైవరుకు ఫోను చేశాను.

"ఇయ్యాల రాను సార్."

"ఏమైంది, బండి ఖరాబైందా?"

"బండికేం గాలేదు. అమాస గదా, చెర్వుగట్టుకు పోతున్న."

మండింది. ఇంజనుకు అమాసేంటి అని అడగబోయి ఆగాను. లోపలికి పోయి కొట్టంలో మూలన వెతికితే కర్ర ఒకటి దొరికింది. మూడెకరాలు అనుకుని మొదలుపెట్టాను. నాలుగో సాలుకే నడుం పట్టేసింది.