ఖాతాలో 52 లక్షలు, జీతాలకు మాత్రం చిట్టీ

మా బాబాయికి మిర్యాలగూడలో ఎరువుల షాపుంది. రైతులకు అప్పు మీద ఇవ్వడం, పంట అమ్మాక వసూలు చేసుకోవడం, లెక్కలన్నీ పొడుగాటి ఖాతా పుస్తకాల్లో. ఆ పుస్తకాన్ని ఫోన్‌లోకి తెచ్చే యాప్ చేశాం, నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ.

చేయడానికి పెద్దగా ఖర్చవలేదు. మా బావ 2000లో వెబ్‌సైట్ కంపెనీ పెట్టినప్పుడు సర్వర్లు కొనడానికి ఊళ్లో ఎకరం అమ్మాడు. 2006లో అమెజాన్ సర్వర్లని గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది, మొదటి ఏడాదంతా కలిపి మా క్లౌడ్ బిల్లు 40 వేలు దాటలేదు. 2016లో జియో, యూపీఐ వచ్చాయి కాబట్టి షాపుల వాళ్ల చేతుల్లో ఫోనూ డేటా రెండూ ముందే ఉన్నాయి. ఇంత చవకైంది గనకే ఐదు, పది లక్షలు సొంత డబ్బు పెట్టి షేర్లు తీసుకునే ఏంజెల్స్ దొరుకుతున్నారు. కానీ ఇందులోనే ఒక తిరకాసుంది: యాప్ చేశాం అంటే ఎవరూ లెక్కచేయరు. ఎంతమంది వాడుతున్నారు, నెలనెలా ఎంత పెరుగుతోంది, అంతే.

అక్కడే దొరికిపోయాం. 2022లో డబ్బు కోసం 37 మంది ఏంజెల్స్‌ని కలిశాం, ఎక్కువ జూమ్‌లోనే. అందరి వేలూ ఒకచోటే ఆగేది, ఏప్రిల్, మే నెలల్లో గ్రాఫ్ పడిపోయిందేంటి? సార్, యాసంగి కోతలైపోయాయి, సాగర్ కాలవకి నీళ్లు ఆపేశారు, ఇప్పుడెవరు కొంటారు అని చెప్తే ఒకాయన, యూజర్లకి నోటిఫికేషన్లు పంపొచ్చుగా అన్నాడు. పొలంలో నీళ్లు లేకపోతే నోటిఫికేషన్ చూసి యూరియా చల్లుతారా!

దారి చూపించింది బాబాయే. "అప్పు రాసే నెలలు వేరురా, వసూలయ్యే నెలలు వేరు, నువ్వు రాసేదే చూపిస్తున్నావు" అన్నాడు. నెలవారీ గ్రాఫ్ తీసేసి, పోయిన వానాకాలం పక్కన ఈ వానాకాలం పెట్టాం, కింద ఏడాది పొడుగునా వసూళ్ల గీత వేశాం. ఏప్రిల్, మేలలో ఆ గీత నిటారుగా లేచింది. తర్వాత నెలన్నరలో ఆరుగురు ఒప్పుకున్నారు, మొత్తం 52 లక్షలు.

ఒప్పుకుంటే డబ్బొచ్చినట్టే అనుకున్నాను. కాదు. ముందు కంపెనీ విలువ కట్టే వాల్యుయేషన్ రిపోర్ట్, బోర్డు మీటింగ్, వాటాదారుల ఆమోదంగా స్పెషల్ రిజల్యూషన్, ఆ తర్వాత పాస్-4 అనే ఆఫర్ లెటర్, డబ్బు వేయించుకోవడానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా. అప్పట్లో ఏంజెల్ టాక్స్ కూడా ఉండేది, షేరు ధర న్యాయమైన విలువ కంటే ఎక్కువైతే ఆ తేడాని కంపెనీ ఆదాయం కింద లెక్కేసేవాళ్లు. స్టార్టప్‌లని గుర్తించే కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ దగ్గర గుర్తింపు తీసుకుని ఇంకో ఫారం పెట్టి తప్పించుకున్నాం. 2024 బడ్జెట్లో ఆ పన్నే ఎత్తేశారు, మన టైమింగ్ అలా ఉంటుంది.

డల్లాస్‌లో ఉన్న మా కాలేజీ సీనియర్ ఉత్సాహం కొద్దీ లెటర్ చేరకముందే పది లక్షలు మా మామూలు కరెంట్ ఖాతాలోకి పంపేశాడు. నేనే నంబరిచ్చాను లెండి, తప్పు నాదే. ఈ ఫారాలన్నీ చూసే మా కంపెనీ సెక్రటరీ మేడమ్ తల పట్టుకున్నారు. అది వెనక్కి పంపి, మళ్లీ కొత్త ఖాతాలోకి తెప్పించుకుని, విదేశీ డబ్బు కాబట్టి బ్యాంకు నుంచి దాని కాగితాలు తీసుకునేసరికి మూడు వారాలు పోయాయి. షేర్లు ఎలాట్ చేసిన, అంటే ఆయన పేరు మీద కేటాయించిన 30 రోజుల్లో, విదేశీ డబ్బుకి షేర్లిచ్చామని రిజర్వ్ బ్యాంకుకి ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వేయడం దీనికి అదనం.

ఈలోపు ఒకటో తారీఖొచ్చింది. డబ్బొచ్చిన 60 రోజుల్లోపు షేర్లు ఎలాట్ చేయాలి, ఆపైన 15 రోజుల్లో, షేర్లిచ్చామని ప్రభుత్వానికి చెప్పే పాస్-3 ఫారం ఫైల్ చేయాలి, అది ఫైలయ్యేదాకా ఆ ఖాతాలో రూపాయి కూడా ముట్టుకోకూడదు. అందరివీ కలిపి ఒకేసారి ఎలాట్ చేద్దామని కూర్చున్నాం కదా, స్క్రీన్ మీద 52 లక్షలు కనిపిస్తున్నాయి, ఐదుగురికి జీతాలివ్వడానికి లేవు. ఎవరికి చెప్పినా నమ్మలేదు, మా ఆవిడతో సహా. చివరికి ఆవిడ పేరు మీదున్న ఐదు లక్షల చిట్టీ పాడాను, తొంభై వేలు తగ్గించుకుని.

తొమ్మిదో తారీఖు రాత్రి పదకొండింటికి మేడమ్ వాట్సాప్‌లో పాస్-3 చలానా పంపారు. చిట్టీ వాయిదాలు ఆ తర్వాత ఇంకా పదిహేడు నెలలు కట్టాను.