పచ్చ ఇంకు, విరాటపర్వం, ఇంకా కొన్ని

మన బడి పాత విద్యార్థుల సంచిక కోసం కమిటీ వాళ్లు గ్రూపులో "ఒక్కొక్కరు రెండు పేజీలకు మించకుండా పంపాలి, పాత ఫోటో ఒకటి, కొత్త ఫోటో ఒకటి" అని మెసేజ్ పెట్టినప్పుడు నేను చూసి గమ్మునున్నా. తర్వాత మన క్లాసు గుండు ఫోన్ చేశాడు. "ఏమ్మే, మనలో రాసేది నువ్వొక్కదానివే, నువ్వు కూడా ఎగ్గొడితే సంచికంతా శుభాకాంక్షల అడ్వర్టైజ్‌మెంట్లే ఉంటాయి" అన్నాడు. సరే రాస్తున్నా. రెండు పేజీల సంగతి మాత్రం హామీ ఇవ్వలేను.

వేపచెట్టు గురించి ఎట్టాగూ పదిమంది రాస్తారు. సాంబారు బకెట్ కథ బుల్లోడిది, దాని జోలికి నేను పోను. ఆరు, ఏడు తరగతులు నాకు సరిగా గుర్తులేవు, ఎనిమిదిలో ఆటలమ్మ వచ్చి లేచాను, అంతే. నాకు బడంటే తొమ్మిది, పది. 1986 నుంచి 88 దాకా. అందులోనూ నికరంగా మిగిలింది హిందీ సారు.

చదవడం నాకు ఆయన నేర్పలేదు, అది ముందే ఉంది. మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్లు చింపి, దబ్బనంతో కుట్టి, పైన క్యాలెండరు అట్ట వేసి దాచేది. అవన్నీ అయిపోతే ట్రంకు రోడ్డులో అద్దె పుస్తకాల కొట్టు, రోజుకు అర్ధరూపాయి. ఒక్క రోజులో అయిపోవాలి, లేకపోతే రూపాయవుతుంది, అందుకని అన్నం తింటూ కూడా చదివేదాన్ని. ఏం చదివానో నెల తిరిగేసరికి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఒకే నవల రెండుసార్లు అద్దెకు తెచ్చుకుని, సగం చదివాక కనుక్కునేదాన్ని.

బడి బీరువా మీ అందరికీ తెలుసు, హెచ్చెమ్ గారి గదిలో, కుర్చీ వెనక. దానికి రెండు తాళాలు. పుస్తకం పోతే జీతంలో పట్టుకుంటారని ఇన్‌ఛార్జి తీసుకోవడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కాదు, తీసుకున్నవాళ్లు తెరిచేవాళ్లు కాదు. సోషల్ సారైతే తాళాలు వేరే బడికి ట్రాన్స్‌ఫర్ అయినా తనతోపాటు తీసుకుపోతాడేమో అన్నంత జాగ్రత్తగా ఉంచేవాడు. ఆయన వెళ్లాక అది హిందీ సారు మెడకు పడింది. హిందీకి పాస్ మార్కులు తక్కువ కాబట్టి ఆ పీరియడ్ అంటే మనకెట్టా ఉండేదో చెప్పక్కర్లేదు. "మీకు నా హిందీ ఎట్టాగూ వద్దు, ఇవన్నా చదవండి" అని ఒక మంగళవారం పుస్తకాలన్నీ బల్ల మీద పోశాడు. చెదలు తిన్నవి పోను బాగానే ఉన్నాయి. విశాలాంధ్ర వాళ్ల వ్యాన్ వచ్చినప్పుడు ఎవరో పుణ్యాత్ముడు కొన్న రష్యా పుస్తకాలు, మాస్కోలో రాదుగ వాళ్లు తెలుగులోనే అచ్చేసినవి, అట్ట కూడా నలగకుండా ఉన్నాయి.

షరతు ఒకటే. పుస్తకం తీసుకున్నవాళ్లు నోట్సు రాయాలి. నోట్‌బుక్ కొనమంటే ఇంట్లో తంతారని ఆయనకు తెలుసు. క్వార్టర్లీ ఆన్సర్ పేపర్లలో మిగిలిపోయిన తెల్లకాగితాలు చించి, మధ్యకు మడిచి, గోనెసంచి దారంతో కుట్టించాడు. అట్టకు సినిమా వాల్‌పోస్టరు, బొమ్మ లోపలికి పెట్టి. నా దానికి లోపల హీరోయిన్ చెయ్యి మాత్రమే వచ్చింది, గాజులతో.

"కథ రాయొద్దు, కథ పుస్తకంలోనే ఉంది. చదువుతా చదువుతా ఎక్కడ ఆగావో అది రాయి" అన్నాడు. పేజీ నంబరు వెయ్యాలి, ఆగిన చోట ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి, అచ్చుతప్పుంటే తప్పుతో సహా. దాని కింద ఎందుకాగావో నీ మాటల్లో. ఎక్కడా ఆగకపోతే "ఏమీ లేదు" అని రాసి పుస్తకం తిరిగిచ్చెయ్యాలి. గుండు నోట్‌బుక్ సంగతి మీకు తెలిసిందే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా "ఏమీ లేదు", ప్రతి దాని కిందా తేదీ వేసి సారు సంతకం. వాడిప్పుడు అంత పెద్ద కాంట్రాక్టరై కూడా ఆ పుస్తకం దాచుకున్నాడంట!

నేను మొదట ఆగింది ఒక రష్యా కథలో. ముసలాయన పొయ్యి మీద పడుకుని ఉంటాడు, మనవడు వచ్చి లేపుతాడు. పేజీ వేసి, వాక్యం రాసి, "పొయ్యి మీద ఎట్టా పడుకుంటారు సార్? కాలదా?" అని రాశా. మన పొయ్యి నాకు తెలుసు కదా, మూడు రాళ్లు, పైన కుండ. క్లాసంతా నవ్వింది, మన రైలుకట్టగాడైతే వారం పాటు నన్ను పొయ్యి అని పిలిచాడు. సారు నవ్వలేదు. "తెలీదు, కనుక్కుని చెప్తా" అని కింద రాశాడు. పచ్చ ఇంకుతో. తర్వాత ఎప్పుడో కావలి వెళ్లి ఎవరినో అడిగి వచ్చి అర పేజీ రాసిచ్చాడు. అక్కడి పొయ్యి ఇటుకలతో గదిలో సగం కట్టేస్తారు, పైన చదునుగా అరుగులా ఉంటుంది, చలికాలం ముసలివాళ్లూ పిలకాయలూ దాని మీదే పడుకుంటారు. కింద బొమ్మ కూడా వేశాడు, ముసలాయన కాళ్లు బయటికి వేలాడుతూ. తనకు తెలీదని ఒక అయివారు రాసివ్వడం నేను అప్పటిదాకా చూడలేదు, ఆ మాటకొస్తే తర్వాత కూడా పెద్దగా చూడలేదు.

పచ్చ ఇంకు గొడవ అప్పుడే మొదలైంది. పచ్చ ఇంకు గజిటెడ్ వాళ్లది, అంటే బడి మొత్తానికి తనొక్కడిదే అని హెచ్చెమ్ గారి పట్టు. "నేను సంతకం చెయ్యడంలేదు సార్, పిలకాయలకు జవాబు రాస్తున్నా" అన్నాడు ఈయన. స్టాఫ్‌రూములో మూడు వారాలు అదే టెన్షన్, అటెండర్ ద్వారా మనకు రోజూ వార్తలు. ఆఖరికి సారు పెన్సిల్‌కి మారాడు. నా నోట్‌బుక్‌లో ఆ పెన్సిల్ రాతలన్నీ ఇప్పుడు చెరిగిపోయాయి, పచ్చవి మాత్రం నిన్న రాసినట్టు ఉన్నాయి. ఇది హెచ్చెమ్ గారికి చెప్పాలని ఉండేది, ఆయన లేరు.

సారు మనల్ని తీసుకుపోయిన వేటపాలెం ప్రయాణం గురించి రాయకపోతే మన క్లాసు చక్రాలు నన్ను బతకనివ్వదు. ప్యాసింజర్ బండి, ఒంగోలు దాటేసరికే పులిహోర పొట్లాలు ఖాళీ. సారస్వత నికేతనం చూడాలని సారుకు ఎన్నాళ్లనుంచో ఉంది, 1918లో పెట్టిన లైబ్రరీ, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. విరిగిన ఆయన చేతికర్ర అక్కడ దాచిపెట్టారు. మగపిల్లలందరూ కర్ర చుట్టూ చేరి అది ఎట్టా విరిగుంటుందని పందేలు కాస్తుంటే, సారు ఆడపిల్లల్ని పాత పత్రికల బైండ్ల దగ్గరికి తీసుకుపోయి, "మీ ఇంట్లో పెద్దవాళ్లెవరన్నా ఎప్పుడు పుట్టారో తెలీనివాళ్లున్నారా?" అని అడిగాడు. అందరి ఇళ్లలోనూ ఉన్నారు. మా అవ్వ పెద్ద గాలివానకు ఎత్తుకునే పిల్ల అని చెప్పేవాళ్లు. ఏ గాలివానో ఎవరికీ తెలీదు, మన వైపు గాలివానలకు కొదవేముంది. ఆమెతోపాటు పుట్టినవాళ్ల వయసులన్నీ లెక్కేసి, సారు 1927 నవంబరు బైండు తీయించాడు.

పుటలు పచ్చబడి, అంచులు అప్పడాల్లా విరుగుతున్నాయి. నెల్లూరికి రైలు లేదు, తంతి లేదు, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, ఇవే వార్తలు రోజుల తరబడి. నేను నిలబడే అంతా ఎత్తి రాసుకున్నా, పాత అక్షరాలు, అరసున్నలతో సహా. ఇంటికొచ్చి చదివి వినిపిస్తే అవ్వ వింటా వింటా మధ్యలో ఆపి, "అయితే నాకు అరవై నిండినట్టేనా?" అంది. నిండాయన్నాను. "మీ తాత నాకు యాభై ఐదే అని చెప్పి చచ్చేదాకా చాకిరీ చేయించాడు" అని ఆ పూట పొయ్యి దగ్గరికి రాలేదు. మా నాన్న నా నోట్‌బుక్‌కు పెట్టెలో చోటిచ్చింది అప్పుడే. అంతకుముందు అది పొయ్యిలోకి పోయే కాగితాల్లో ఉండేది.

ఇంటర్ సంగతి వదిలేయండి. డిగ్రీలో ఉండగా, 1991లో, పెద్దవాళ్లకు చదువు చెప్పే అక్షరదీపం కార్యక్రమం వచ్చింది. సాయంత్రం లాంతరు పెట్టుకుని మా వీధి ఆడవాళ్లకు చెప్పేదాన్ని. సీతమ్మ కథ, అదే సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ల పాఠం, దాని దగ్గరికి వచ్చేసరికి ఇక ముందుకు కదిలేవాళ్లు కాదు. వాచకం మూసి ఎవరి మొగుడి సంగతి వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆగిన చోట రాయండమ్మా అని నేను హిందీ సారు పాఠమే వాళ్లకూ చెప్పా, రాసింది తక్కువ, తిట్టింది ఎక్కువ. కలిగిరి పక్కన దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద ఎట్టా తిరగబడ్డారో, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఎట్టా ఆగిందో మీకు నేను చెప్పేదేముంది, మీ అమ్మలే ఉన్నారు అందులో.

తర్వాత కోర్టులో కాపీయిస్టు ఉద్యోగం వచ్చింది. తీర్పు నకలు రాయాలంటే ఉన్నదున్నట్టు రావాలి, మనం దిద్దకూడదు, ఎగ్జామినర్ పక్కన కూర్చుని అక్షరం అక్షరం సరిపోలుస్తాడు. చేరిన కొత్తలో ఎగ్జామినర్ గారు "నీకిది ఎవరు నేర్పారమ్మా?" అని అడిగితే హిందీ సారని చెప్పా, ఆయనకు అర్థం కాలేదు. ఇప్పుడు సూపరింటెండెంట్‌ని, ఒంగోల్లో. పాత కట్టల్లో ఫలానా కాగితం ఎక్కడుందంటే కంప్యూటర్ కన్నా ముందు నన్నే అడుగుతారు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు. నోట్‌బుక్కులు ట్రంకుపెట్టె నిండి రెండో పెట్టెలోకి వచ్చాయి. మా అమ్మాయి అన్నీ ఫోన్లో ఫోటోలు తీస్తానంటోంది, తీస్తే తియ్యనీ, ఇంకు రంగు సరిగ్గా పడితే చాలు.

కమిటీకి ఒక మాట. బడికి కొత్త బీరువా కొనిస్తామని గ్రూపులో అనుకుంటున్నారు కదా, నా వాటా పంపించేశా. స్టాక్ రిజిస్టరు నేనే రాస్తా, రాత బాగుంటుంది. పాత రిజిస్టరు మొన్న వెళ్లినప్పుడు చూశాను. పదో తరగతి చివర్లో స్టాక్ లెక్క చూసినప్పుడు తిక్కన విరాటపర్వం కనపడకపోతే, మన జిల్లావాడు భారతం మొదలుపెట్టిన పర్వమే పోయిందని అందరూ గోల చేస్తుంటే, సారు రిమార్కుల గడిలో "పాఠకుని వద్ద ఉన్నది" అని రాశాడు. పచ్చ ఇంకుతోనే. ఆ గడి ఇప్పటికీ అట్టాగే ఉంది.

రైలుకట్టా, ఆ రోజు వచ్చేటప్పుడు పుస్తకం తీసుకురా. నోట్సు కూడా.