చెవికి ఒకటే, ప్రాట్‌లో రెండు: పిల్లల ‘కారు’, ‘కాలు’

నాలుగేళ్ల పాప కారు బొమ్మ చూసినా ‘కాలు’ అంటుంది, కాలు చూపించినా ‘కాలు’ అంటుంది. ‘ర బదులు ల పలుకుతోంది’ అని కాగితం మీద రాసుకుంటే సగం పనే అయినట్టు. ఆ రెండు ‘కాలు’లూ నిజంగా ఒకటేనా, లేక పాప ఏదో తేడా చూపిస్తున్నా మన చెవికి అందడం లేదా? ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పసిపిల్లల మీద మార్లిస్ మాకెన్, డేవిడ్ బార్టన్ 1980లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు దారి చూపింది. ఇంగ్లిష్ ప, బ లాంటి జంటల్లో, పెదవులు విడివడటానికీ గొంతు మోగటానికీ మధ్య వ్యవధిలో ఆ పిల్లలు ఒక దశలో తేడా చూపించేవారు. అది మరీ చిన్నది కావడంతో పెద్దల చెవికి రెండూ ఒకే హల్లుగా వినబడేవి.

దీన్ని పట్టుకోవాలంటే రికార్డింగు శుభ్రంగా ఉండాలి. ముందు ఫ్యాను ఆపండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ పనికిరాదు, అది శబ్దాన్ని కుదించేస్తుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలుగా దాచే యాప్ కావాలి. మైకు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, జానెడు దూరంలో ఉంచితే ‘ప’ పలికినప్పుడు గాలి నేరుగా తగలదు. ‘కారు అను’ అని మీరు చెప్పి అనిపించవద్దు. అనుకరించేటప్పుడు చాలామంది పిల్లలు మామూలుకన్నా బాగా పలుకుతారు. బొమ్మ చూపించి, ‘ఇది కారు’, ‘ఇది కాలు’ అని వాళ్లంతట వాళ్లే చెప్పేలా చూడండి. ఒక్కో మాట కనీసం పదిసార్లు, వరస కలిపేసి.

విశ్లేషణకు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ప్రాట్ అనే శబ్ద విశ్లేషణ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం కూడా. కానీ దాని సెట్టింగులు పెద్దవాళ్ల గొంతుకు కుదిర్చినవి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఫార్మంట్లంటే గొంతు, నోటి ఆకారం వల్ల బలపడే ఫ్రీక్వెన్సీలు, వాటిని ఎంత ఎత్తు వరకు వెతకాలో చెప్పే హద్దు ఫార్మంట్ సీలింగు. దాన్ని 5500 హెర్ట్జ్ దగ్గరే వదిలేస్తే, పసివాళ్ల పొట్టి స్వరమార్గంలో ఆ హద్దులోపు లేని ఫార్మంట్లను కూడా అది వెతికి, ఉన్నదాన్ని రెండుగా చీల్చి చూపిస్తుంది. చిన్నపిల్లలకు 8000 దాకా పెంచాల్సి రావచ్చు. నిలకడగా పలికిన ‘ఆ’ మీద 500 చొప్పున మారుస్తూ, ఫార్మంట్లను గుర్తించే ఎర్రచుక్కలు స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే చిత్రం) నల్లటి పట్టీల మీద సరిగ్గా కూర్చునే చోట ఆగండి. ఇంకో చిక్కు, పిల్లల స్వరం 300 హెర్ట్జ్ దగ్గర ఉంటే స్పెక్ట్రోగ్రామ్‌లో హార్మోనిక్సే (స్వరం ఫ్రీక్వెన్సీకి రెట్లు) అడ్డగీతలుగా కనబడి ఫార్మంట్లలా భ్రమ పెడతాయి. విండో నిడివిని (ఒక్కో లెక్కకు తీసుకునే శబ్దం ముక్కను) 0.005 నుంచి 0.003 సెకన్లకు తగ్గిస్తే చాలావరకు తేటపడుతుంది.

ఇక కారు, కాలు. ఇంగ్లిష్ పుస్తకాలు ‘ర’కు మూడో ఫార్మంట్ కిందికి దిగాలంటాయి. అది అమెరికన్ల ర. అచ్చుల మధ్య మన ర నాలుక ఒక్కసారి తాకి వచ్చేసే హల్లు, ఆ తాకిడి పెద్దల్లో సుమారు 20–30 మిల్లీసెకన్లు. ల అంతకన్నా బాగా సాగుతుంది, మధ్యలో ఫార్మంట్లు సన్నగా కొనసాగుతూ కనబడతాయి. అందుకే ముందుగా కొలవాల్సింది హల్లు నిడివి. దాంతోపాటు శబ్ద తీవ్రతను చూపే ఇంటెన్సిటీ గీత ఎంత లోతుగా పడిందో చూడాలి. పిల్లల్లో అన్నీ కాస్త సాగుతాయి కాబట్టి పెద్దల అంకెలతో కాకుండా, అదే పాప పలికిన రెండు మాటలనే పోల్చండి. కొలిచేవాళ్లకు ఏది కారో ఏది కాలో తెలియకూడదు, ఫైళ్లకు ఉత్త నంబర్లే పెట్టండి. తెలిస్తే హల్లు హద్దు గీత గీసే చెయ్యి తనకు తెలియకుండానే అటు జరుగుతుంది.

పది ‘కారు’ల నిడివి, పది ‘కాలు’ల నిడివి పూర్తిగా కలిసిపోతే పాప నోట తేడా ఇంకా పుట్టలేదని అనుకోవచ్చు, అయితే నిడివిలో లేని తేడా మరోచోట దాగి ఉండవచ్చు. రెండు గుంపులుగా విడిపోతే మాత్రం ఆ రెండు మాటలూ వేరని పాపకు తెలుసు, నాలుకే ఇంకా లొంగలేదు. అప్పుడు ‘విను, ఏది కారు?’ అనే వినికిడి అభ్యాసాలతో వారాలు గడపడం వృథా అని మా గట్టి నమ్మకం. నేరుగా నాలుక కొనకు పని చెప్పాలి.

క బదులు త పలికే పిల్లలకూ ఇదే పద్ధతి. ‘కాలు’, ‘తాత’ మొదట్లో నాలుక విడిపడే క్షణం నుంచి 10–15 మిల్లీసెకన్ల ముక్క తీసి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే గీత) చూడాలి. క అయితే శక్తి మధ్య ఫ్రీక్వెన్సీల్లో ఒకచోట కుప్పపడుతుంది, త అయితే పరుచుకుంటుంది. ‘పాట’, ‘పాత’ తేడాకు హల్లు ముందున్న ‘ఆ’ చివర చూడండి, ట వైపు వెళ్లేటప్పుడు మూడో ఫార్మంట్ కిందికి వంగుతుంది. స కోసం స్పెక్ట్రోగ్రామ్‌ను కనీసం 10,000 హెర్ట్జ్ దాకా తెరవాలి.

లెక్కలన్నీ అయ్యాక కూడా ఇంటి మాట వినకుండా దోషం అని రాయకూడదు. అమ్మానాన్నలే ‘కళ్లు’ను ‘కల్లు’ అంటుంటే, ‘ఖ’ను ‘క’గా పలుకుతుంటే పిల్ల పలికింది ఆ ఇంటి తెలుగే. అందుకే బిడ్డతో పాటు తల్లిదో నానమ్మదో గొంతులో అవే మాటలు, అదే మైకుతో రికార్డు చేసి పెట్టుకోండి.